కఠినజలము – ఇంటి యంత్రము: పరీక్షయు, పోషణయు



మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చాలభాగమున నేలక్రింద నున్నది గట్టిరాయి. స్వర్ణముఖి, నీవా, కౌండిన్య మొదలగు ఏరులు వానలు కురిసిన కొలదిదినములు పారి, తక్కిన కాలము ఇసుకమేటలై యుండును. కావున రాతిపగుళ్ళలో నిలిచిన నీరే మనకు దిక్కు. పడమటి మండలములలో బోరు వేయి అడుగులు దాటిన తావులును కలవు. అట్లు చిరకాలము రాతిసందులలో నిలిచిన నీరు ఆ రాతినుండి సున్నపు ధాతువును, మెగ్నీషియమును కరగించుకొని పైకి వచ్చును. ఇట్టి నీటిని కఠినజలమందురు. దీని గుర్తులు మన యిండ్లలోని స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు. కందిపప్పు ఎంత కాచినను మెదగదు. సబ్బు నురుగునకు మారుగా విరిగిన పాలవలె తరకలు కట్టును. నీళ్ళు కాచు పాత్రయడుగున తెల్లని పెచ్చు పేరుకొనును. విద్యుత్తుతో నీరు కాచు గీజరులో ఆ పెచ్చు దళసరియైనకొలది కరెంటు ఖర్చు పెరుగును. తుదకు లోపలి కడ్డీ కాలిపోవును.

భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ననుసరించి లీటరు నీటిలో కాఠిన్యము 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. వేరు నీరు దొరకనిచోట 600 వరకు సహింపవచ్చును. ఈ బాధ తీర్చుకొనుటకై నీటిని మృదువుచేయు యంత్రమును, అనగా వాటర్ సాఫ్ట్‌నరును, పట్టణపు మేడలందేగాక పల్లెలందును నేడు బిగించుకొనుచున్నారు. బిగించినవాడు బిగించిపోవును; ఆపైన దాని మూత తెరచి చూచువారు అరుదు. ఎద్దును కొన్నవాడు మేత వేయక, గిట్టలు చూడక దున్నగలడా? యంత్రమును అట్టిదే. దాని పోషణయెట్లో, అది విడుచు ఉప్పునీరు మన పెరటికి చేయు కీడెట్టిదో ఈ నెల విన్నవించుచున్నాము.

యంత్రము లోపల జరుగుపని

ఈ యంత్రమునకు మూలమైన సూత్రము మొదట బయలుపడినది రైతు పొలమునందే యని తెలిసినచో మన సభ్యులు సంతోషింతురు. ఇంగ్లండులో థాంప్సన్ అను భూస్వామి అమోనియం సల్ఫేటు ఎరువును నీటిలో కరగించి మట్టిగుండ పోసి చూచెను. అమోనియా మట్టిలో నిలిచిపోయి, దానికి బదులుగా మట్టిలోని సున్నపు ధాతువు జిప్సముగా బయటికి వచ్చెను. రాయల్ వ్యవసాయ సంఘపు రసాయన శాస్త్రజ్ఞుడగు వే అనునాయన దీనిని విరివిగా పరిశోధించెను. ఈ ఫలితములు 1850లో ప్రకటింపబడెను. మట్టి ఒక ధాతువును పట్టుకొని మరియొకదానిని విడుచునని వీనివలన తేలినది. 1935లో ఇంగ్లండులోనే ఆడమ్స్, హోమ్స్ అను ఇరువురు ఈ మారకపుపనిని చేయగల రెసినును కృత్రిమముగా తయారుచేసిరి.

నేటి యంత్రములోని పొడవైన పీపాలో ఆవగింజకంటె చిన్నవైన రెసిను గుళికలుండును. వానిని సోడియము అంటుకొని యుండును. కఠినజలము వానిగుండ దిగునప్పుడు గుళికలు సున్నపు ధాతువును, మెగ్నీషియమును పట్టుకొని సోడియమును నీటిలోనికి విడుచును. గుళికలలోని సోడియము తీరిపోగానే యంత్రము పని మానును. అప్పుడు గాఢమైన ఉప్పునీటితో వానిని కడిగినచో అవి పట్టుకొన్నదానిని వదలి మరల సోడియమును గ్రహించును. దీనినే పునరుద్ధరణ యనవచ్చును. కావున ఈ యంత్రము నీటినుండి లవణములను తీసివేయునదికాదు. ఒకదానికి బదులు మరియొకటి యిచ్చునది. ఇది మరువకున్నచో తక్కిన సంగతులన్నియు సులభముగా బోధపడును.

ఎంత నీటికి ఎంత ఉప్పు?

25 లీటర్ల రెసిను గల యంత్రమును, లీటరునకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యము గల బోరునీటిని లెక్కకు తీసికొందము. ఒక లీటరు రెసిను సుమారు 50 గ్రాముల కాఠిన్యమును పట్టుకొనగలదు. 25 లీటర్లు 1,250 గ్రాములు పట్టుకొనును. అనగా 2,500 లీటర్ల నీరు మృదువైన పిమ్మట ఉప్పు పెట్టవలెను. దినమునకు 500 లీటర్లు వాడు కుటుంబమునకు ఇది ఐదుదినముల పని. ఒక్కొక్కమారు సుమారు 3 కిలోల ఉప్పు పట్టును. మీ బోరునీటి కాఠిన్యము దీనికి రెట్టింపైనచో రెండున్నర దినములకే ఉప్పు తీరును. కావున మొదట నీటిని పరీక్ష చేయింపవలెను. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలలో ఈ పరీక్ష జరుగును.

వారమునకొకమారు చూడవలసినవి

మొదటిది సబ్బు పరీక్ష. రెండు శుభ్రమైన సీసాలను తెచ్చి ఒకదానిలో బోరునీటిని, రెండవదానిలో యంత్రము దాటిన నీటిని సగమువరకు పోయవలెను. స్నానపు సబ్బును వాననీటిలో కరగించి, ఆ ద్రవమును రెండింటిలోను సమానముగా పది చుక్కలు వేసి కుదుపవలెను. మృదుజలములో నురుగు నిలిచి, నీరు తేటగా నుండును. కఠినజలము పాలవలె తెల్లబడి తరక కట్టును. రెండు సీసాలును ఒక్కతీరుగా నున్నచో యంత్రము పని మానినదని తెలియవలెను. బట్టలుతుకు పొడులు కఠినజలమునను నురుగునిచ్చును గనుక ఈ పరీక్షకు పనికిరావు.

రెండవది ఉప్పుతొట్టి. ఒక లీటరు నీటిలో సుమారు 360 గ్రాముల ఉప్పు మాత్రమే కరుగును. కావున 3 కిలోల ఉప్పు కరుగుటకు ఎనిమిది తొమ్మిది లీటర్ల నీరును, కొన్నిగంటల వ్యవధియు కావలెను. వేసిన వెంటనే కవాటము త్రిప్పినచో పలుచని నీరే లోనికి పోవును. తొట్టిలో పైన ఉప్పు నిండుగా కనబడుచు, క్రింద గుల్లయై యుండుటయు కలదు. చెమ్మకు ఉప్పు గడ్డకట్టి వంతెనవలె నిలుచుటయే దీనికి కారణము. కఱ్ఱతో మెల్లగా పొడిచి దానిని కూల్చవలెను. ఇనుపగడ్డపార వాడినచో తొట్టికి చిల్లి పడును. మెత్తని పొడియుప్పు త్వరగా గడ్డకట్టును. శుభ్రమైన కల్లుప్పు మేలు. మట్టి కలిసిన ఉప్పు చౌకగా వచ్చినను, ఆ మట్టి ఉప్పునీటిని పీల్చు సన్నని రంధ్రమును మూయును.

మూడవది పీల్చుట. పునరుద్ధరణ జరుగునప్పుడు తొట్టిలోని నీటిమట్టము క్రమముగా దిగవలెను. గొట్టము తొట్టిలోనికి వచ్చుచోట బొగ్గుతో గీతగీసి, పావుగంట తరువాత చూడుడు. మట్టము దిగనిచో పీల్చు రంధ్రము పూడినదనియో, గొట్టపు కీలులో గాలి చొరబడుచున్నదనియో, బోరు ఒత్తిడి చాలలేదనియో గ్రహింపవలెను.

నెలకును, సంవత్సరమునకును చూడవలసినవి

తనంతట తాను నడచు యంత్రములలో గడియార ముండును. కరెంటు పలుమారు పోవు మన గ్రామములలో కొన్నింటి గడియారము వెనుకబడి, రాత్రి జరుగవలసిన పునరుద్ధరణ అందరు స్నానములు చేయు ప్రొద్దున జరుగును. నెలకొకమారు దానిని సరిచేయవలెను. యంత్రము ముందుండు ఇసుక వడపోతను ఎదురునీటితో కడుగవలెను. యంత్రమును తప్పించి నీరు పోవుటకు ఒక ప్రక్కదారి కవాటముండును. అది పూర్తిగా మూతపడనిచో రెసిను బాగున్నను కొళాయిలో కఠినజలమే వచ్చును. యంత్రము చెడినదని తలంచి డబ్బు పోయుటకు ముందు దీనిని చూడుడు.

సంవత్సరమున కొకమారు ఉప్పుతొట్టిని ఖాళీచేసి అడుగు మట్టిని కడిగివేయవలెను. నీటిలో ఇనుము ఎక్కువైనచో గుళికలకు ఎఱ్ఱని చిలుము పట్టి శక్తి తగ్గును. దానికి తయారుచేసినవారు చెప్పిన మందునే వాడవలెను; మరుగుదొడ్లు కడుగు యాసిడును పోయరాదు. బ్లీచింగు పొడి విస్తారముగా కలిపిన నీరు గుళికలను పాడుచేయును గనుక మీదితొట్టిని కడిగించు దినమున ప్రక్కదారిని తెరచియుంచుడు. కొళాయినుండి పసుపుపచ్చని సన్నని గుళికలు పడినచో పీపాలోని జల్లెడ విరిగినదని యర్థము. అప్పుడు నీటిని ఆపి పనివానిని పిలువవలెను. కొన్నివారములు ఊరువిడిచి వచ్చినవారు ఒకమారు ఉప్పుపెట్టి, బాగుగా కడిగిన పిమ్మటనే నీరు వాడుట మంచిది.

త్రాగుటకు తగునా?

ఈ యంత్రము ఫ్లోరైడును, నైట్రేటును, రోగక్రిములను తీయజాలదు. మన ప్రాంతమున ఫ్లోరైడు గల బోరులున్న గ్రామములు కలవు. అచ్చటివారు నీరు మృదువైనదిగదా యని నమ్మి త్రాగరాదు. మరియు లీటరునకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యము తీసినచో ఆ నీటిలో 230 మిల్లీగ్రాముల సోడియము క్రొత్తగా చేరును. రక్తపుపోటు గలవారు, వైద్యులు ఉప్పు తగ్గింపుమన్నవారు దీనిని గమనింపవలెను. వంటయింటిలో త్రాగునీటి కొళాయిని యంత్రముతో కలుపక వేరుగా నుంచి, ఆ నీటిని పరీక్ష చేయించి వాడుట ఉత్తమము.

పెరటికి వచ్చు కీడు

ఇండ్లకు పోయి చూచునపుడు మాకు తరచుగా కనబడునది ఇది: యంత్రపు మురుగు గొట్టము నిమ్మచెట్టు మొదటికో, కరివేపాకు పాదికో విడువబడియుండును. నీరు వృథాపోరాదను సదుద్దేశముతోనే అట్లు చేయుదురు. కాని పై లెక్క చూడుడు. ఐదుదినములకు 3 కిలోల చొప్పున సంవత్సరమునకు 219 కిలోల ఉప్పు, అనగా 50 కిలోల మూటలు నాలుగు మించి, ఆ గొట్టముగుండ బయటికి పోవును. ఏ రైతైనను నాలుగు మూటల ఉప్పును తన చెట్లమొదట వేయునా? నిమ్మ, మామిడి ఉప్పునకు ఓర్వలేవు. ఆకుల అంచులు మాడి చెట్టు క్షీణించును. ఇంకుడుగుంతలో విడిచినను మేలులేదు. బోరు దగ్గరనే యున్నచో ఆ ఉప్పు మరల మన బోరునకే చేరవచ్చును.

మృదుజలమును సైతము చెట్లకు పోయరాదు. థాంప్సన్ మట్టిలో చూచిన మారకమే మన పెరటియందును జరుగును. నీటిలోని సోడియము మట్టిని పట్టుకొని, అందలి సున్నపు ధాతువును తోలివేయును. మట్టి కణములు విడిపోయి, పైన పెచ్చు కట్టి, నీరింకుట మానును. చౌడునేలకు జిప్సము వేయునపుడు మనము చేయునది దీనికి సరిగా వ్యతిరేకమైన పని: సున్నపు ధాతువునిచ్చి సోడియమును వెడలగొట్టుచున్నాము. వేరుసెనగకు పూతదశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుదుము. కాయ నిండుటకు సున్నపు ధాతువు కావలెనుగదా. ఇంటిలో మనకు శత్రువైనది చేనిలో మనకు మిత్రుడు. బిందుసేద్యపు గొట్టములలో సున్నము పట్టినచో దానికి ఆమ్లచికిత్స కలదు. నిపుణుల సలహాతో అది చేయింపవలెనేగాని సాఫ్ట్‌నరును తోటకు పెట్టరాదు.

చేయదగినది

చేతితో త్రిప్పు కవాటము గలవారికి ఉపాయము సులభము. మొదట ఎదురునీటితో కడుగునపుడు వచ్చునది మురికి కలిసిన బోరునీరే. దానిని చెట్లకు విడువవచ్చును. తరువాత ఉప్పు లాగునపుడును, కడుగుట మొదలైనపుడును వచ్చు నీటిని వేరుచేయవలెను. చివర ఒక చుక్కను నాలుకపై వేసి, ఉప్పన లేదని తెలిసికొని ఉమిసి, ఆపైన వచ్చు నీటిని మరల చెట్లకు పెట్టవచ్చును. వేరుచేసిన ఉప్పునీటిని పట్టణములలో మురుగుకాలువకు పంపవచ్చును. పల్లెలలో లోతులేని సిమెంటు తొట్టిని కట్టి ఎండలో ఇంకింపవలెను, వానకాలమున కప్పియుంచవలెను. మిగిలిన చెమ్మయుప్పును ఎరువుగుంతలో కలుపరాదు.

వీనియన్నింటికంటె మేలైనది తక్కువగా వాడుట. గీజరునకు, స్నానమునకు, బట్టలకు మాత్రమే మృదుజలము నిచ్చి, పశువులకు, కడుగుపనులకు, పెరటికి బోరునీటినే యుంచినచో దినమునకు 200 లీటర్లు చాలును. అప్పుడు సంవత్సరపు ఉప్పు 219 కిలోలనుండి 88 కిలోలకు దిగును. ఖర్చును అంతమేరకు తగ్గును.

చుక్కలు వేసి కాఠిన్యము కొలుచు చిన్న పరీక్షపెట్టెలు అంగళ్ళలో దొరకును. ఇంటికొకటి కొననక్కరలేదు. ప్రతి గ్రామసంఘమును ఒకదానిని కొని కార్యాలయములో నుంచి, సభ్యులు తెచ్చిన నీటి కొలతను తేదీతోకూడ ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, ఏ బోరు ఏ ఋతువున ఎట్లుండునో రెండు మూడు సంవత్సరములలో గ్రామమంతటికి తెలియును. సభ్యులు ఒక సీసా బోరునీటిని, ఒక సీసా యంత్రపు నీటిని తీసికొని వత్తురుగాక. అంతవరకు ఈ సాయంకాలమే యంత్రపు మురుగు గొట్టము ఏ చెట్టు మొదట నున్నదో ఒకమారు పోయి చూడవలయునని కోరుచున్నాము.