రక్తపరీక్షలోని అంకె

ఈ మధ్య మా మిత్రులొకరు రక్తపరీక్షాపత్రమును చేతబట్టుకొని మా స్టూడియోకు వచ్చిరి. "క్రియాటినిన్ 1.2 అట. హద్దులోనే యున్నది. ఇక భయము లేదు గదా?" అని వారి ప్రశ్న. మేము వైద్యులము కాము. అయినను ఆ అంకె వెనుకనున్న సంగతి శ్రోతలకు చెప్పదగినదని తోచినది.

మన కండరములలో క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము ప్రతిదినము ఇంచుమించు ఒకే పాళ్ళలో పుట్టుచుండును. దానిని రక్తమునుండి వడగట్టి మూత్రములోనికి పంపుట మూత్రపిండముల పని. వడపోత మందగించినచో అది రక్తములో నిలిచిపోవును. క్షారము కలిపిన పిక్రిక్ ఆమ్లము క్రియాటినిన్‌తో చేరినపుడు నారింజవన్నె ఎరుపు తేలునని 1886లో మాక్స్ యాఫే అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. రంగు ఎంత చిక్కనైన, క్రియాటినిన్ అంత హెచ్చు. ఆ పద్ధతి నేటికిని అనేక ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. రంగును కొలుచుట మాత్రము యంత్రము వంతైనది.

చిక్కెక్కడనగా, మూత్రపిండములు మిక్కిలి ఓర్పుగల పనివాండ్రు. నొప్పియని మొరపెట్టవు. సగము శక్తి పోయినను తక్కిన సగముతో నెట్టుకొని వచ్చును. అందుచేత వడపోత సగమునకు తగ్గువరకును ఈ అంకె హద్దు దాటకపోవచ్చును. పైగా అంకె ఒక్కటే యైనను మనుష్యులు ఒక్కటి కారు. నూరు మిల్లీలీటర్ల రక్తరసములో 1.2 మిల్లీగ్రాములున్న 25 ఏండ్ల యువకునికి వడపోత నిమిషమునకు సుమారు 86 మిల్లీలీటర్లని లెక్క తేలును. అదే 1.2 గల 70 ఏండ్ల వృద్ధురాలికి 49 మాత్రమే! 60కి దిగువన మూడు నెలలకు మించి నిలిచినచో దానిని దీర్ఘవ్యాధిగా ఎంచుదురు.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. అచ్చట మధుమేహము లేని కష్టజీవులు పలువురు మూత్రపిండముల వ్యాధి పాలైరి. కారణమేదియో ఇంకను నిశ్చయముగా తేలలేదు. ఆ వ్యాధిలో మూత్రమునందు మాంసకృత్తు తరచు స్వల్పముగానే కనిపించును. మొదట బాధయు తెలియదు. కావున పలుమారు మొదట పలుకునది రక్తములోని ఈ అంకెయే. అది హద్దు దాటునంతవరకు వేచియుండుట ఎంత నష్టమో వేరుగ చెప్పనేల? నిరుడు 0.8 ఉండి ఈ యేడు 1.2 అయినచో, రెండును హద్దులోనివే యైనను, వైద్యుడు ఆగి ఆలోచించును.

మా మిత్రుల పత్రములో క్రిందుగా కాలేయపు వరుసయు కలదు. అందు ఎస్.జి.ఓ.టి. అనునది ఒక ఎంజైము. గుండెపోటు వచ్చినవారి రక్తములో అది పెరుగునని 1954లో న్యూయార్కున లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ ప్రకటించిరి. కాలేయవ్యాధులలోను పెరుగునని త్వరలోనే తెలిసినది. కణములు చెడినపుడు లోపలి ఎంజైము రక్తములోనికి కారును. అనగా ఇది కణముల చేటును తెలుపునేగాని, కాలేయము పని చేయు తీరును తెలుపదు. కాలేయము బాగుగా ముదిరి గట్టిపడినవారిలో చెడుటకు మిగిలిన కణములే తక్కువగుటచే, అంకె మామూలుగా నుండుటయు కలదు! అట్టిచో ఆల్బుమినును, రక్తము గడ్డకట్టు కాలమును చూడవలెను.

మా మిత్రులకు 68 ఏండ్లు, బక్కపలుచని మనిషి. "నిరుటి పత్రము ఇంట నున్నదా?" అని యడిగితిమి. పొట్లము కట్టుటకు వాడితిమనిరి. ఈ పత్రమునైనను భద్రపరచి, రేపే వైద్యునికి చూపుడని చెప్పి పంపితిమి.