మీకు తెలుసా? టీవీ కొత్తదే, మనుషులే సాగిపోయారు!

కొత్త టీవీలో 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’ పెట్టగానే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తే ప్యానెల్ పాడైందని కంగారు పడకండి. అప్పటి సినిమా ఫ్రేము దాదాపు 4:3 కొలతలో ఉండేది. ఇప్పటి తెర 16:9. ఖాళీ మిగలకుండా నింపాలని టీవీ ఆ బొమ్మను అడ్డంగా మూడో వంతు సాగదీస్తుంది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి ఆ అదనపు భారీతనం అవసరమా చెప్పండి!

తేల్చుకోవడం తేలికే. రథచక్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా కనిపిస్తే తప్పు పిక్చర్ సైజుదే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘4:3’ లేదా ‘ఒరిజినల్’ ఎంచుకోండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. ఒక్కోసారి సాగదీసేది సెట్‌టాప్ బాక్సు. అప్పుడు దాని మెనూలో మార్చాలి.

న్యూస్ ఛానెల్ కింది స్క్రోలింగ్ సగం తెగిపోతోందా? అది ఓవర్‌స్కాన్. పిక్చర్ ట్యూబు రోజుల్లో అంచుల వంకరలు కనపడకుండా బొమ్మను కాస్త పెద్దది చేసి చూపేవారు. ఆ అలవాటు ఫ్లాట్ టీవీలకూ అంటుకుంది. ‘స్క్రీన్ ఫిట్’, ‘జస్ట్ స్కాన్’ లాంటి పేరుతో ఉండే ఆప్షన్ ఆన్ చేస్తే సరి.

ఇవన్నీ మార్చినా తెర మీద గీతలు, మచ్చలు పోకపోతే అప్పుడు వారంటీ కార్డు బయటికి తీయండి.