జల్లెడ లేని కాలపు రొట్టె

దైవప్రవక్త (స) తెల్లని మెత్తటి రొట్టెను భుజించారా అని ఒకసారి హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి)ను అడిగారు. ప్రవక్త పదవి లభించిన నాటి నుండి మరణించేవరకు ఆయన అటువంటి రొట్టెను చూడనే లేదని సహల్ (రజి) జవాబిచ్చారు. ఆ రోజుల్లో మీకు జల్లెడలు ఉండేవా అంటే, అవీ లేవన్నారు. బార్లీ గింజలను విసిరి, పిండిని నోటితో ఊదేవారు. పొట్టు ఎగిరినంత ఎగిరిపోగా, మిగిలినదానిని తడిపి తినేవారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనాన్ని బోధించే ప్రతిసారీ మన ఇళ్లలోని డబుల్ రోటీ పొట్లం గుర్తుకు వస్తుంది.

గోధుమ రంగు కనిపించగానే అది ఆరోగ్యకరమని నమ్మరాదు. పొట్లం వెనుక ముద్రించిన జాబితాలో మొదటి పేరు మైదా అయితే, ఆ రంగు పొట్టుది కాక కారమెల్‌ది కావచ్చు. 471 సంఖ్యతో సూచించే ఎమల్సిఫయర్‌ను మొక్కల నూనెల నుండీ, జంతువుల కొవ్వు నుండీ కూడా తయారు చేస్తారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉంటే ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. విదేశాల్లో చదువుకొంటున్న మన బిడ్డలు మాత్రం విచారించుకోక తప్పదు. ఈస్టుతో పులిసిన పిండిలో లేశమాత్రం మద్యసారం పుడుతుంది కదా అని కొందరు సోదరీమణులు సందేహిస్తుంటారు. అది మత్తు కోసం చేసేదీ కాదు, మత్తు కలిగించేదీ కాదు. అదీ చాలావరకు పొయ్యి వేడికి ఎగిరిపోతుంది. పులిసిన రొట్టెను ముస్లిం సమాజం తరతరాలుగా తింటూనే ఉంది.

ఇంట్లో చేయదలచినవారు బార్లీ పిండి ఒక్కటే వాడితే రొట్టె పొంగదు. గోధుమకున్న సాగే జిగురు దానికి తక్కువ. రెండు కప్పుల గోధుమ పిండికి ఒక కప్పు బార్లీ పిండి, చిన్న చెంచాతో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా ఈస్టు, కొద్దిగా నూనె, సుమారు ఒకటింపావు కప్పు గోరువెచ్చని నీరు చేర్చి 10 నిమిషాలు బాగా పిసకాలి. పిండి రెట్టింపు అయ్యేందుకు గంట నుండి గంటన్నర పడుతుంది. మన ఎండాకాలంలో అంతకంటే ముందే పొంగుతుంది గనుక గడియారాన్ని కాక పిండిని చూడాలి. 8 ఖర్జూరాలు, 5 ఖుబానీలు, గుప్పెడు కిస్మిస్‌ను సన్నగా తరిగి, 15 నిమిషాలు నీటిలో నానబెట్టి, వడగట్టి, గుడ్డతో తడి ఒత్తి కలపాలి. ఎండు పండ్లను అలాగే వేస్తే అవి పిండిలోని నీటిని పీల్చుకొని రొట్టెను గట్టిపరుస్తాయి. నువ్వులు, అవిసె, గుమ్మడి గింజలు తలా ఒక పెద్ద చెంచా చాలు. మరో అరగంట ఉంచి, 200 డిగ్రీల వేడిలో 35 నుండి 40 నిమిషాలు కాల్చాలి. అడుగున వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే కాలినట్టే. ఓవెన్ లేనివారు ప్రెషర్ కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసివేసి, అడుగున మందంగా ఉప్పు పరచి, గిన్నెను స్టాండు మీద ఉంచి సన్నని మంటపై 50 నిమిషాలు కాల్చుకోవచ్చు. కుక్కర్లో నీరు పోయకూడదు.

పైన చిటికెడు కలోంజీ చల్లడం నాకు ఇష్టం. దుకాణంలో నల్ల జీలకర్ర అని అడిగితే ఒక్కోసారి షాజీరా ఇస్తారు, కలోంజీ అనే అడగండి. మరణానికి తప్ప ప్రతి వ్యాధికీ అందులో స్వస్థత ఉందని హదీసు ఉన్నది నిజమే. అయితే దాన్ని చూపి వైద్యుడిచ్చిన మాత్రలు మానివేయడం ధర్మం కాదు; చికిత్స చేయించుకోమన్నదీ ఆ దైవప్రవక్తే (స). మధుమేహం ఉన్నవారికి ఖర్జూరం కూడా చక్కెరే. వారి రొట్టెలో పండ్లు తగ్గించి గింజలు పెంచాలి.

ఇక పిండి పిసికేదెవరు? రమజాన్‌లో సహరీకి అందరికంటే ముందు లేచేదీ, దస్తర్‌ఖాన్ వద్ద అందరికంటే చివర కూర్చునేదీ ఇల్లాలే. ఆమెకు మరో పని అంటగట్టేందుకు ఈ వ్యాసం వ్రాయలేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మా విద్యార్థులకు ఈ హదీసు కంఠస్థం. సెలవుల్లో ఇంట పిండి పిసికినవారెవరని అడిగితే మాత్రం తరగతి అంతా మౌనం వహిస్తుంది! పది నిమిషాల ఆ శ్రమకు బలమైన చేతులే కావాలి. ఇషా తరువాత భర్త గాని, ఎదిగిన కుమారుడు గాని ఆ పని ముగించి, రాత్రే రొట్టె కాల్చి ఉంచవచ్చు.

రొట్టె పూర్తిగా చల్లారాకే కోయాలి, లేకుంటే లోపల ముద్ద అవుతుంది. ఇందులో నిలవ మందులేవీ ఉండవు గనుక రెండు రోజులకు మించి బయట ఉంచరాదు. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకొంటే, సహరీ వేళ పెనం మీద రెండు మూడు నిమిషాలు కాల్చితే సరిపోతుంది.