మన ఇంటి మురుగు – మూసీ నది ఆరోగ్యం



పాళెములో మలినం కనబడకూడదని, వెలుపల గుంట త్రవ్వి దానిని కప్పివేయాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించినట్లు ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో చూస్తాం. అరణ్యంలో ఒక గుంట సరిపోయింది. కోటి మంది నివసించే నగరంలో ఆ పని చేసేది మురుగునీటి శుద్ధి కేంద్రం. అందరూ ఎస్టీపీ అని పిలిచే ఈ కేంద్రం నదిని ఎలా కాపాడుతుందో, దానికి సాధ్యం కానిది ఏమిటో తెలుసుకుందాం.

మురుగు వల్ల నదికి ఏమవుతుంది?

శాలిబండకు మూసీ నది సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. మన వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి నీరు పల్లం వెంట అటువైపే పోతుంది. మురుగులోని మలాన్ని, ఆహార పదార్థాలను సూక్ష్మజీవులు తింటాయి. అలా తినేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. మురుగు ఎక్కువైతే ఆక్సిజన్ అయిపోయి చేపలు చనిపోతాయి. నీరు నల్లబడి దుర్వాసన కొడుతుంది. సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే కొలతను బీఓడీ అంటారు. స్నానానికి పనికివచ్చే నదిలో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. శుద్ధి చేయని మురుగులో సాధారణంగా 200 నుండి 300 వరకు ఉంటుంది. కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించే క్రిములు, నులిపురుగుల గుడ్లు కూడా అదే నీటిలో ఉంటాయి.

శుద్ధి ఎలా జరుగుతుంది?

మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల కేంద్రాలను జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద నిర్మించారు. అక్కడ మొదట ఇనుప జల్లెడలు గుడ్డలు, ప్లాస్టిక్‌ను ఆపుతాయి. తరువాత తొట్లలో ఇసుక అడుగుకు దిగుతుంది. ఆపైన నీరు గాలి చొరబడని పెద్ద తొట్టిలో కింది నుండి పైకి కదులుతుంది. అందులోని బురద పొరలో కోట్లాది సూక్ష్మజీవులు మురుగును తిని గ్యాస్‌ను విడుదల చేస్తాయి. ఆ తరువాత చెరువుల్లాంటి మడుగుల్లో నీటికి గాలి పట్టించి, మిగిలిన మలినాన్ని తేర్చుతారు. అంటే నదిలో జరిగితే హాని చేసే పనినే ఇక్కడ అదుపులో ఉంచి జరిపిస్తారన్నమాట. చివరకు బయటికి వచ్చే నీటి బీఓడీ మహానగరాల్లో 20 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో నిర్ణయించింది.

శుద్ధి కేంద్రానికి సాధ్యం కానిది

శుద్ధి కేంద్రం దాని దాకా వచ్చిన నీటినే బాగుచేయగలదు. నాలాల్లో నేరుగా కలిసే మురుగు అలాగే నదిలోకి పోతుంది. 2021 నాటికి నగరంలోని 25 కేంద్రాల మొత్తం సామర్థ్యం రోజుకు 77.2 కోట్ల లీటర్లు. వచ్చే మురుగు అంతకు రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే ఆ సంవత్సరం రూ.3,866 కోట్లతో మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి.

రెండవది, సూక్ష్మజీవులు మలాన్ని తింటాయి గాని అన్ని మందులను, రసాయనాలను జీర్ణం చేసుకోలేవు. సింకులో పోసిన యాంటీబయాటిక్ కొంతవరకు అలాగే నదిలోకి చేరవచ్చు. అక్కడ మందులకు లొంగని క్రిములు పెరిగే ప్రమాదం ఉంది.

ఈ నష్టం ఎవరికి?

మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నగరం దిగువన రైతులు ఈ నీటితో పశుగ్రాసం, ఆకుకూరలు, వరి పండిస్తారు. వట్టి కాళ్ళతో ఆ మడుల్లో దిగేవారికి కొంకి పురుగుల బెడద ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. ఈ పురుగులు పాదాల చర్మం గుండా లోపలికి వెళ్ళి రక్తహీనత తెస్తాయి. ఆ గడ్డి మేసిన గేదెల పాలు, ఆ ఆకుకూరలు మళ్ళీ మన వంటింటికే వస్తాయి. మనం వదిలిన నీరు మనల్ని వదిలిపెట్టదు.

మనం చేయగలిగినవి

1. వాడిన నూనె, కొవ్వు, మాంసం ఎముకలు సింకులో వేయవద్దు. అవి పైపులో గడ్డకట్టి మురుగును వీధిలోకి పొంగిస్తాయి.

2. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. పైపు పూడితే దాన్ని తీయడానికి ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టవలసి వస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

3. మిగిలిన మందులు మరుగుదొడ్డిలో పోయవద్దు. ఆసుపత్రికి వచ్చినప్పుడు మా మందుల విభాగంలో చూపించి ఏమి చేయాలో అడగండి.

4. మరుగుదొడ్డి పైపును నాలాలోకి వదలకండి. మ్యాన్‌హోల్ పొంగితే, నల్లా నీరు రంగు మారితే జలమండలి నంబరు 155313కు వెంటనే తెలపండి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి కలరా వ్యాపించింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు.

5. ఆకుకూరలు పారే నీటిలో బాగా కడిగి ఉడికించండి. పాలు కాచి తాగండి.

ఆసుపత్రులకు కూడా ఇందులో బాధ్యత ఉంది. అంటువ్యాధులు కలిగించగల ద్రవ వ్యర్థాలను క్రిమిరహితం చేశాకే మురుగులోకి వదలాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. మేము రోగులకు చెప్పే శుభ్రత మా సొంత పైపుల దగ్గరే మొదలు కావాలి.

దిగువన మడిలో నిలబడిన రైతు మనకు పొరుగువాడే. సింకులో ఏదైనా పోసే ముందు అతనిని ఒక్కసారి తలుచుకుందాం. దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యం అనుగ్రహించును గాక.