ఉక్కు నగరంలో ఇత్తడి పళ్ళచక్రాలు

భిలాయ్: రైల్వేలకు 260 మీటర్ల పొడవైన పట్టాలను తయారుచేసే ఈ ఉక్కు నగరంలో, అంగుళమైనా లేని ఇత్తడి పళ్ళచక్రం కూడా కొందరికి జీవనాధారం కాగలదు.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయ్ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. కాగా, కర్మాగారంలో శాశ్వత ఉద్యోగాలు గత కొన్ని దశాబ్దాలలో గణనీయంగా తగ్గాయి. టర్నర్లు, ఫిట్టర్లు ఆర్జించిన పనితనం తరువాతి తరానికి ఎలా అక్కరకు వస్తుందన్నదే ప్రశ్న.

సంఖ్యల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎం.ఐ.టి. 1952లో ప్రదర్శించింది. చాలాకాలం అటువంటి యంత్రాలు పెద్ద సంస్థలకే పరిమితమయ్యాయి. చౌకైన స్టెప్పర్ మోటార్లు, ఉచిత సాఫ్ట్‌వేర్ రావడంతో ఇప్పుడవి ఇంటి గదిలోని బల్లపై కూడా ఇముడుతున్నాయి. అయితే చిన్న యంత్రానికి ఉక్కును కోయడం కష్టం. రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడి మెత్తనిది. కొద్దిగా సీసం కలిస్తే అది చిన్న చిన్న రజనుగా తేలికగా తెగుతుంది.

అసలు చిక్కు లెక్కలోనే ఉంది. 40 పళ్ళ చక్రానికి ఒక్కో పన్ను కోసిన తరువాత లోహపు బిళ్ళను 9 డిగ్రీలు తిప్పాలి. 37 పళ్ళయితే ఆ కోణం 9.73 డిగ్రీలకు కొంచెం తక్కువ. దానిని 9.7గా కుదించి తిప్పితే 37 సార్లకు 1.1 డిగ్రీ లోటు పడి, చివరి పన్ను లావెక్కుతుంది. కంప్యూటర్ ప్రతి పన్ను స్థానాన్నీ మొదటి గీత నుంచే లెక్కించి ఈ దోషాన్ని నివారిస్తుంది. కానీ మరలోని వదులును పసిగట్టడం, కట్టరు పదును చూడడం, మైక్రోమీటరుతో కొలవడం మనిషి పనే.

పాత గడియారాలు, కొలత పరికరాలు ఒక్క చక్రం అరిగినందుకే మూలపడుతుంటాయి. ఒకే ఒక్క చక్రం కోసం పెద్ద ఫ్యాక్టరీ యంత్రాలను సిద్ధం చేయడం గిట్టుబాటు కాదు. ఇంటి మిల్లుకు అవకాశం అక్కడే ఉంది. సబ్సిడీతో రుణమిచ్చేందుకు 2008లో ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం ఆరంభమైంది. అయితే రుణంతో యంత్రం వస్తుందే గాని ఆర్డర్లు రావు. అవి లేనినాడు మిగిలేది అప్పే. విడిభాగాలు అవసరమైన వారిని ఈ చిన్న వర్క్‌షాపులతో కలిపే ఏర్పాటు జరిగితేనే, భిలాయ్ పనితనం రిటైరైన కార్మికులతో అంతరించకుండా నిలుస్తుంది.