మోటారు కేబుల్ షీల్డును ఎర్త్ చేసే పద్ధతి



ఎర్తింగ్ అంటే యంత్రపు లోహ భాగాన్ని ఒక తీగతో భూమికి కలపడమని మీరు హైస్కూలులోనే చదువుకున్నారు. ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు మనిషికి షాక్ తగలకుండా కాపాడేది అదే. మూడు ఫేజుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు ఉండాలని మన దేశంలో నిబంధన కూడా ఉంది. అయినా ఫ్యాక్టరీలలో ఒక వింత కనిపిస్తుంటుంది. రెండు ఎర్తింగులూ సక్రమంగా ఉన్న మోటారు నడవడం మొదలుపెట్టగానే, పక్కనున్న లెవెల్ సెన్సరు ఖాళీ ట్యాంకును నిండినట్లు చూపిస్తుంది. కన్వేయరు కారణం లేకుండా ఆగిపోతుంది. మోటారు ఆపితే అంతా మామూలే. దీనినే విద్యుదయస్కాంత వ్యతికరణం అంటారు. ఇది ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం.

నేటి మోటార్లలో చాలావాటిని నేరుగా మెయిన్స్‌కు కలపరు. మధ్యలో వేగాన్ని మార్చే డ్రైవ్ ఉంటుంది. అది 415 వోల్టుల ఏకాంతర విద్యుత్తును దాదాపు 590 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ట్రాన్సిస్టర్ల సాయంతో సెకనుకు కొన్ని వేలసార్లు తెంపుతూ, కలుపుతూ మోటారుకు పంపుతుంది. మోటారుకు అందేది నునుపైన తరంగం కాదు, నిట్టనిలువు గోడల్లాంటి స్పందనల వరుస. ఒక్కొక్క గోడ సుమారు 0.1 మైక్రోసెకనులో లేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. కేబుల్‌లోని తీగకూ, చుట్టూ ఉన్న లోహానికీ మధ్య ఎప్పుడూ కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. మోటారు చుట్టకూ, దాని బాడీకీ మధ్య కూడా ఉంటుంది. అది ఒక్క నానోఫారడే అనుకుందాం. కెపాసిటర్ గుండా పోయే ప్రవాహం, కెపాసిటెన్స్‌ను వోల్టేజి మారే రేటుతో గుణిస్తే వస్తుంది. 590 వోల్టులు 0.1 మైక్రోసెకనులో మారితే ఆ ప్రవాహం సుమారు 6 ఆంపియర్లు! ఉండేది క్షణంలో అతి స్వల్ప భాగమే అయినా, ప్రతి స్పందనకూ అది మళ్ళీ వస్తుంది.

ఈ 6 ఆంపియర్లు ఎక్కడికి పోతాయి? "భూమిలోకి" అని మీలో చాలామంది చెబుతారు. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. భూమి ప్రవాహాన్ని మింగే బావి కాదు. ఏ ప్రవాహమైనా తాను పుట్టిన చోటికి తిరిగి రావలసిందే. ఇది పుట్టినది డ్రైవ్‌లో. కాబట్టి మోటారు బాడీ నుంచి డ్రైవ్‌కు ఏ దారి సులువుగా ఉంటే ఆ దారినే వస్తుంది. మనం దారి చూపకపోతే పైపుల గుండా, షెడ్డు ఇనుప స్తంభాల గుండా, సెన్సరు తీగల పక్కగా తిరిగి వస్తుంది. దీని వెంట వచ్చే వోల్టేజిలు ఒక్కోసారి మోటారు బేరింగుల గుండా కూడా మెరుపు కొట్టించి, లోపలి రింగు మీద వరుసగా చారలు పడేలా చేస్తాయి.

మోటారు కేబుల్ చుట్టూ అల్లిన రాగి జాలి, అంటే షీల్డు, ఈ తిరుగు ప్రయాణానికి వేసిన దారి. అది రెండు చివరలా, డ్రైవ్ వద్దా మోటారు బాడీ వద్దా, కలిసి ఉంటేనే దారి అవుతుంది. పోయే ప్రవాహం లోపల, వచ్చే ప్రవాహం దాని చుట్టూ ఉన్న జాలిలో. రెండూ ఎదురెదురు దిశలు కాబట్టి వాటి అయస్కాంత క్షేత్రాలు బయట చాలామటుకు రద్దవుతాయి.

"షీల్డును ఒక చివరే ఎర్త్ చేయాలి కదా?" అని కొందరికి సందేహం రావచ్చు. ఆ సూత్రం తప్పు కాదు. అయితే అది సన్నని సంకేతాలు మోసే సెన్సరు కేబుళ్ళలో 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దాన్ని ఆపడానికి పుట్టింది. అక్కడ కొన్ని మిల్లీవోల్టులు కలిసినా కొలత చెడుతుంది. మోటారుకు ఆ మిల్లీవోల్టులు లెక్కలోకి రావు. పైగా మోటారు వైపు షీల్డును వదిలేస్తే తిరుగు దారి తెగిపోవడమే కాక, ఆ వేలాడే చివర ప్రమాదకరమైన వోల్టేజి కూడా ఏర్పడవచ్చు.

కలిపే పద్ధతి కూడా అంతే ముఖ్యం. చాలాచోట్ల జాలిని విడదీసి, పిలకలా మెలిపెట్టి, ఒక బోల్టు కింద బిగిస్తారు. చూడడానికి చక్కగానే ఉంటుంది. 10 సెంటీమీటర్ల పిలక ప్రేరకత్వం సుమారు 0.1 మైక్రోహెన్రీ. 50 హెర్ట్జ్ దగ్గర అది చూపే అడ్డంకి ఓము‌లో లక్షవ వంతుల్లో ఉంటుంది, పట్టించుకోనక్కరలేదు. కాని 0.1 మైక్రోసెకనులో లేచే స్పందనలో కొన్ని మెగాహెర్ట్జ్ వరకు పౌనఃపున్యాలు ఉంటాయి. 3 మెగాహెర్ట్జ్ దగ్గర అదే పిలక దాదాపు 2 ఓములు అడ్డుకుంటుంది. 0.1 మైక్రోసెకనులో 6 ఆంపియర్లు పెరిగితే దాని రెండు కొసల మధ్య 6 వోల్టులు నిలుస్తాయి. 0 నుంచి 10 వోల్టుల సంకేతంతో పనిచేసే సెన్సరు పక్కన ఇది చిన్న సంగతి కాదు.

కాబట్టి జాలిని విప్పకుండా, చుట్టూ పూర్తిగా పట్టే లోహపు క్లాంపుతో డ్రైవ్ ప్యానెల్ పలకకు బిగించాలి. పలక మీద పెయింటు ఉంటే అక్కడ గీకివేయాలి. పెయింటు మంచి ఇన్సులేటరన్న మాట తరచు మరచిపోతారు. మోటారు వైపు టెర్మినల్ బాక్సులో జాలిని చుట్టూ పట్టుకునే లోహపు గ్లాండు వాడాలి. ప్లాస్టిక్ గ్లాండు పనికిరాదు. సెన్సరు కేబుళ్ళను మోటారు కేబుల్‌కు దూరంగా నడపాలి, దాటవలసి వస్తే లంబకోణంలో దాటించాలి. ఇంత చేసినా రక్షణ ఎర్త్ తీగను మాత్రం తీసేయకూడదు. వ్యతికరణాన్ని తగ్గించేది షీల్డు, ప్రాణాన్ని కాపాడేది ఆ తీగ.

బిగించాక పరీక్షించడం ఎలా? మల్టీమీటరు ఇక్కడ సాయపడదు. అది ఏకముఖ ప్రవాహంతో కొలుస్తుంది కాబట్టి పిలకకూ, క్లాంపుకూ ఒకేలా సున్నా చూపిస్తుంది. సరఫరా ఆపి, డ్రైవ్ లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు తయారీదారు చెప్పినంతసేపు ఆగి, అప్పుడు మూత తెరచి కంటితో చూడడమే సరైన పరీక్ష. మూత తెరవకుండా ఒక అంచనా కావాలంటే, మీడియం వేవ్ రేడియోను స్టేషను లేని చోట ట్యూన్ చేసి, మోటారు నడుస్తుండగా కేబుల్ దారి వెంట కొంచెం ఎడంగా పట్టుకుని నడవండి. బుర్రుమనే శబ్దం ఏ చివర ఎక్కువైతే ఆ చివరి బిగింపును ముందుగా అనుమానించవచ్చు.