పుట్టగొడుగులు: అడగకుండా అందిన ఆహారం

తొలకరి జల్లులకు చొప్పదండి చుట్టుపక్కల చెలకల్లో, చెదపుట్టల మీద పుట్టగొడుగులు మొలుస్తాయి. మనం విత్తనిది, నీరు పెట్టనిది. ఎడారి నేలలో ఇలాగే దొరికే ‘కమ్అ’ (ట్రఫుల్)ను దైవప్రవక్త (స) ‘మన్న్’ కోవకు చెందినదని తెలిపినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది.

అనుగ్రహాన్ని వృథా చేయకపోవడం మన బాధ్యత. తెచ్చిన వెంటనే కడిగి దాచితే తడికి జిగురెక్కి కుళ్ళిపోతాయి. కాడలకు అంటిన మన్ను చాకుతో గీకి, పొడిబట్టతో తుడిచి, కాగితపు సంచిలో వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. వండే ముందే కడగాలి. 1, 2 రోజుల్లో వాడేయాలి. మిగిలేలా ఉంటే ఆ రోజే పొరుగింటికి పంపుదాం. గుర్తుపట్టలేని దానిని మాత్రం ఎవరికీ పెట్టవద్దు. కొన్నింటి విషం ఉడికించినా పోదు.